రసజ్ఞ లేని పాఠం

బడి గంట కొట్టడానికి ఇంకా అరగంట ఉందనగా ఈశ్వరమ్మ మేడం తరగతి గది తలుపు తీసేది. గడప దగ్గర చెప్పులు విడిచి, సంచీ మేకుకు తగిలించి, పెదవుల మీద రామనామం మెదులుతుండగా మొదటి బెంచీ మీద కూర్చునేది. అక్కడ ఒక నిమిషం, దాని పక్కన ఒక నిమిషం, తర్వాత వెనక బెంచీ. ఆ గదిలో ఏ బిడ్డ ఎక్కడ కూర్చుంటుందో ఆ చోట్లన్నిటిలో తాను కూర్చుని చూసేది. అవి ఎత్తు తక్కువ బెంచీలు. యాభై ఆరేళ్ల మోకాళ్లు మొరాయిస్తే, ముందు బల్ల మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా దిగేది.

"ఏం కనపడుతుంది మేడం అక్కడినుంచి?" అని కొత్త ట్రైనీలు నవ్వేవారు.

"నాకు కనపడేది కాదమ్మా. ఆడ కూర్చున్న పిల్లకు ఏం కనపడదో అది చూస్తుండా," అనేది.

ఎదురుగా ఉన్న అద్దాల ఆఫీసు మీద పడిన పొద్దు తొమ్మిదింటి నుంచి పదింటి దాకా నల్లబల్లలో సగాన్ని తెల్లగా మార్చేస్తుందని ఆమె కనిపెట్టింది అట్లాగే. మూడో వరస పిల్లలు రాయడం లేదని అంతదాకా టీచరు రోజూ తిడుతూనే ఉంది. ఆ కిటికీకి చార్టు కాగితం అంటించాక తిట్లు ఆగాయి. నాలుగో బెంచీ మీది ఫ్యాను కిర్రుమనడం వల్ల చెవి మిషను పెట్టుకున్న పాపకు పాఠం వినపడదని కనిపెట్టిందీ అట్లాగే. బడి ఆయమ్మ రుక్కమ్మ ఆ సాయంత్రమే బల్ల మీద కుర్చీ వేసుకుని ఎక్కి, తన తలకు రాసుకునే కొబ్బరినూనె ఆ ఫ్యానుకు పోసింది. ఎవరూ చెప్పకుండానే పోసింది.

ఈశ్వరమ్మ మేడం ఆ బడి పంతులమ్మ కాదు. బాచుపల్లిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పేవాళ్లను తయారుచేసే కాలేజీ ఒకటి ఉంది. అందులో ఆమె లెక్చరరు. ఏటా ఓ పదిహేనుమంది ట్రైనీలను వెంటబెట్టుకుని, ఐటీ ఆఫీసుల వెనక ఇరుకున ఉన్న ఆ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు ప్రాక్టీసు టీచింగుకు తీసుకొచ్చేది. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలూ, కుదురుగా కూర్చోలేని పిల్లలూ, అందరు పిల్లలతో కలిసి ఒకే గదిలో చదువుకోవాలి. దాన్ని సహిత విద్య అంటారు. ఆ చదువు ఎట్లా చెప్పాలో అక్కడే నేర్పేది. మేమిద్దరం ప్రగతి నగర్‌లో ఒకే వీధివాళ్లం, నేను ఆ కాలేజీలో లైబ్రరీ చూసేదాన్ని. ఒకే షేర్ ఆటోలో పోయేవాళ్లం. అందుకే ఈ సంగతులు నాకు తెలుసు.

ఆమెది కడప జిల్లాలో చిన్న ఊరు. నాన్న వెంకటరమణ పోస్టుమ్యాను. ఉత్తరాలు చదువుకోలేని వాళ్లకు అరుగు మీద కూర్చుని చదివిపెట్టేవాడట. "మా నాయన ఒక్కో ఉత్తరం రెండుసార్లు చదివేవాడు. మొదటిసారి వాళ్లు ఏడుస్తారు, ఏం వినపడదు, రెండోసారే అర్థమయ్యేది అనేవాడు," అని ఆటోలో చెప్పేది. ఆ ఓపిక ఆమెకు వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఆమె చేతి కింద తయారైనవాళ్లు ఈ నగరంలో ఎన్ని బడుల్లో ఉన్నారో లెక్కలేదు. అందుకే జరిగిన తప్పు ఆమెను అంతగా కాల్చింది.

కిందటేడాది సంగతి ఇది. ప్రియదర్శిని అని భీమవరం అమ్మాయి మూడో తరగతికి పాఠం చెప్పేది. ఆ తరగతిలోనే రసజ్ఞ ఉండేది. ఎనిమిదేళ్ల పిల్ల. మాటలు తక్కువ, వచ్చిన మాటే పదిసార్లు అంటుంది. సంతోషం వస్తే చప్పట్లు కొట్టి గట్టిగా అరుస్తుంది. ఆరువారాలు కష్టపడి ప్రియదర్శిని ఆ పిల్లకు బరువులు నేర్పింది. హ్యాంగరుకు అటూ ఇటూ రెండు పెరుగు డబ్బాలు కట్టి త్రాసు చేసింది. రసజ్ఞ లేచి వచ్చి ఒక డబ్బాలో ఆలుగడ్డ వేయాలి. అది దిగగానే "కిందికి" అనాలి. లెసన్ ప్లానులో ఆ పిల్ల పేరున ప్రత్యేకంగా ఒక వరుస రాశారు. ఆ వరుస రాయించింది మేడమే.

ట్రైనీలకు మార్కులు పడే పరీక్ష పాఠాన్ని అవే పిల్లలకు ముందే రెండుమూడుసార్లు చెప్పి ఉంచడం ఈ కాలేజీల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. బయటినుంచి మార్కులు వేయడానికి వచ్చే ఎక్స్‌టర్నల్ సారుకూ ఆ సంగతి తెలుసు. పిల్లలకు ప్రశ్నకన్నా ముందే జవాబు తెలుసు. ముందురోజు అట్లా చెప్పించినప్పుడు రసజ్ఞ ఆలుగడ్డ వేసి, ఆనందం ఆపుకోలేక చప్పట్లు కొడుతూ త్రాసును కింద పడేసింది. ప్రియదర్శిని ఏడ్చింది.

పరీక్ష రోజు పొద్దున వాన. రసజ్ఞ యూనిఫాం ఆరక రంగు గౌనులో వచ్చింది. బట్టలు మారితే ఆ పిల్లకు లోపలంతా కలతే. వచ్చినప్పటినుంచి అరుస్తూనే ఉంది. ఎక్స్‌టర్నల్ సారు ట్రాఫిక్కులో రెండు గంటలు ఇరుక్కుని చిరాకుగా దిగారు.

"మేడం, నావల్ల కాదండి. ఇవాళ పాప నన్ను ముంచేస్తుందండి," అని ప్రియదర్శిని చేతులు నలుపుకుంది.

ఈశ్వరమ్మ మేడం ఒకసారి ఆ అమ్మాయిని చూసింది, ఒకసారి గేటు వైపు చూసింది. వరండాలో చీపురు పట్టుకున్న రుక్కమ్మను పిలిచింది.

"రుక్కమ్మా, ఈ ఒక్క గంట పిల్లను నీ గదిలో కూర్చోబెట్టుకో."

"గట్లనే మేడం," అని రుక్కమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది.

పాఠం బాగా జరిగింది. చివర్లో సారు లెసన్ ప్లాను తిరగేసి, "ఈ రసజ్ఞ ఎవరమ్మా? ఏది?" అన్నారు.

ప్రియదర్శిని మేడం వైపు చూసింది.

"ఈ పొద్దు రాలేదు సార్," అంది ఈశ్వరమ్మ మేడం.

రసజ్ఞ పక్కన రోజూ కూర్చునే కావ్య ఠక్కున లేచింది. "వచ్చింది సార్! రుక్కమ్మ తాన..."

మేడం కావ్య వైపు చూసింది. కోపంగా కూడా కాదట, ఊరికే చూసిందట. ఆ పిల్ల కూర్చుంది. సారుకు వినపడిందో లేదో, సంతకం పెట్టి టీ తాగి వెళ్లిపోయారు. ప్రియదర్శినికి ఆ బ్యాచీలో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ మార్కులతోనే గచ్చిబౌలి వైపు పెద్ద బడిలో ఉద్యోగం వచ్చింది. మేడానికి స్వీటు డబ్బా తెచ్చి కాళ్లకు దండం పెట్టింది.

పరీక్ష రోజు సాయంత్రం ఆటోలో మేడం, "ఒక గంటే గదా," అంది. నన్ను అడిగిందో తనకు తాను చెప్పుకుందో తెలియలేదు.

శ్రావణమాసంలో ప్రియదర్శిని ఫోను చేసింది. మేడం లైబ్రరీలోనే ఉంది, నా ఎదుటే మాట్లాడింది. అవతల గొంతు సంతోషంతో నాక్కూడా వినపడుతోంది.

"మేడం, మా స్కూలుకి తనిఖీ అయిందండి! నా క్లాసు బెస్టని రాశారండి. నేను తెలివిగా నా క్లాసులో రసజ్ఞలాంటి ఇద్దరు పిల్లల్నీ లైబ్రరీలో కూర్చోబెట్టేశానండి, మీరు ఆ రోజు చేసినట్టే. ఐడియా మీదేనండి!"

"దేవుడు చల్లగా చూడల్లమ్మా," అని మేడం ఫోను పెట్టేసింది. తర్వాత చాలాసేపు చేతిలో ఉన్న పుస్తకం ఒకే పేజీ దగ్గర ఉండిపోయింది.

"ఇరవై రెండేళ్లు ఎన్నో చెప్పినా పిల్లలకు. ఆ పిల్ల నా దగ్గర నేర్చుకునింది ఇదా?" అంది.

కార్తీకంలో కొత్త బ్యాచీతో మళ్లీ అదే బడికి వెళ్లింది. ఆ పిల్లలు ఇప్పుడు నాలుగో తరగతి. మేడం ఎప్పటిలాగే బెంచీలన్నీ కూర్చుని చూసి, గోడ దగ్గర నిలబడింది. పిల్లలు వచ్చారు. అందరికన్నా వెనక, తల్లి వేలు పట్టుకుని రసజ్ఞ వచ్చింది. బ్యాగు బెంచీ మీద పెట్టింది. మేడాన్ని చూసింది. కూర్చోలేదు. వెనక్కి తిరిగి వరండా వెంట నడిచి, చీపుర్లూ ఫినాయిలూ పెట్టే రుక్కమ్మ గదిలోకి వెళ్లింది. అక్కడ ఖాళీ బకెట్టును బోర్లించుకుని దాని మీద కూర్చుంది.

ఎవరూ పంపలేదు. ఎవరూ పిలవలేదు.

రెండో రోజూ అంతే. మూడో రోజు మేడం రుక్కమ్మను అడిగింది.

"ఏమని చెప్పాలె మేడం. కొత్తోళ్లు ఎవ్వలొచ్చినా గంతే. టీకాలేసేటోళ్లొస్తే వచ్చి కూసున్నది. ఆఫీసరు సారొస్తే వచ్చి కూసున్నది. 'సార్ వచ్చిండు, సార్ వచ్చిండు' అనుకుంట ఉరికొస్తది. వాళ్లు పోయినంక మల్ల క్లాసుకు పోతది."

"ఎప్పటినుంచి?"

రుక్కమ్మ చీపురు ఈనెలు సర్దుకుంది. "మీ పరీక్ష అయింది సూడు, గప్పటిసంది."

"ఆ రోజు నీ గదిలో పిల్ల ఏం చేసింది రుక్కమ్మా?"

"ఏం జెయ్యలె పాపం. లొల్లి గిట్ల జెయ్యలె. ఆలుగడ్డ రెండు చేతుల్ల పట్టుకొని కూసున్నది. గోడ అవతల టీచరమ్మ ఏదన్న అనంగనే లేసి, 'ఇప్పుడా?' అంటది. నేను 'ఆగు బిడ్డా' అంటి. మల్ల కూసుంటది. మల్ల లేస్తది. 'ఇప్పుడా?' గంటసేపు గదే."

"నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు పెద్ద సదువులోళ్లు గద మేడం," అంది రుక్కమ్మ ఏ దెప్పిపొడుపూ లేకుండా. "పిల్లకు గదే మంచిదని పంపిన్రేమో అనుకున్న."

ఆ సాయంత్రం బడి వదిలాక మేడం ఆ గదిలోకి వెళ్లి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. పక్క గదిలో ట్రైనీలు చార్టులు చుట్టుకుంటూ మాట్లాడుకునే ప్రతి మాటా పైనున్న వెంటిలేటరులోంచి లోపలికి పడుతోంది. ఎవరో గుండుసూది అడిగారు, అదీ వినపడింది. ఆ రోజు పాఠం మొత్తం పిల్ల చెవిన పడే ఉంటుంది. తన వంతు వచ్చిందని తెలుసు. వంతు దాటిపోయిందనీ తెలుసు. "పిల్లకు ఏమీ తెలియదులే అనుకొని పంపినా. అంతా తెలిసిన పిల్లను పంపినా," అని మర్నాడు ఆటోలో నాతో అని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

పక్కన కూర్చున్న కాలేజీ కుర్రది, ఎవరో ఏమో, తన నీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికిచ్చింది.

రసజ్ఞ తల్లి రేఖ ఎదురుగా ఉన్న ఆ అద్దాల ఆఫీసులోనే ఊడ్చి తుడిచే పని చేస్తుంది. సాయంత్రం ఆమె గేటు బయటికి వచ్చేదాకా మేడం రోడ్డవతల నిలబడింది. నన్ను తోడు రమ్మంది. రేఖ రాగానే, అటూ ఇటూ పోకుండా, ఆ రోజు ఏం చేసిందీ, సారుతో ఏమి చెప్పిందీ మొత్తం చెప్పింది. కావ్యను కంటిచూపుతో కూర్చోబెట్టిన సంగతి కూడా దాచలేదు.

రేఖ వింటూ మెడలోని గుర్తింపు కార్డు తీసి తాడు చుట్టి జాకెట్టులో పెట్టుకుంది. "అయ్యో, గింతదానికి ఏడుస్తరా మేడం? గంటసేపు కూసోబెడితే ఏమైతది? మా ఆఫీసుల గూడ బయటి దేశపోళ్లు వస్తున్నరంటె మమ్ముల మెట్ల కింద రూముల ఉండుమంటరు. వాళ్లు పొయ్యేదాక ఉంటం. మా పిల్లకు చిన్నప్పుడే తెలిసొచ్చింది. మంచిదే గద."

మేడం ఆ అద్దాల ఆఫీసు వైపు చూసింది.

"బడిల ఉండనిచ్చిన్రు, గదే శాన మాకు. జర చాయ్ తాగి పోండ్రి," అని రేఖ ఇద్దరినీ బండి దగ్గరికి లాక్కుపోయింది. వద్దన్నా వినలేదు. ఆ చాయ్ గ్లాసు మేడం రెండు చేతులతో పట్టుకుంది. ఎంతసేపటికీ తాగలేకపోయింది. తిట్టి ఉంటే బాగుండేది అని తర్వాత అంది.

ఆ వారంలోనే కొత్త బ్యాచీ మొత్తాన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పింది. ప్రియదర్శిని పేరు చెప్పలేదు, తన పేరే చెప్పింది. కిందటేడు వచ్చిన ఎక్స్‌టర్నల్ సారుకు ఫోను చేసి, "మీతో అబద్ధం చెప్పినా సార్," అంది. ఆయన, "ఏ పాపమ్మా? నాకు గుర్తు లేదు. ఈ ఏడు కూడా నేనే వస్తున్నా, కలుద్దాం," అన్నారు. అంతే. ప్రియదర్శినికి కూడా ఫోను చేసింది. ఆ అమ్మాయి మొదట నవ్వింది. "ఆ ఇద్దరూ ఇప్పుడు తలుపు చప్పుడైతే చాలు, లేచి నిలబడుతున్నారండి మేడం. ఎందుకో నాకు అర్థం కాలేదండి," అని తర్వాత అంది. ఆ రాత్రి మేడం పూజగదిలో దీపం కొండెక్కేదాకా కూర్చుందని వాళ్లాయన చెప్పాడు.

ట్రైనీల్లో నితీష్ అని లింగంపల్లి అబ్బాయి ఉన్నాడు. నోరు ఆపుకోడు. "మేడం, మరి మా పరీక్షకు పాప ఒర్రి లొల్లి జేస్తే మార్కులు పోతయ్ గద?" అన్నాడు.

"పోవచ్చు."

"పొయ్యేటివి మా మార్కులు. మీ ఉద్యోగం పోదు."

పక్కవాళ్లు వాడి మోచెయ్యి గుంజారు. మేడం మాత్రం, "ఉన్నమాటే అన్నాడు, అననీయండి," అంది.

ఆ నితీషే మరునాటినుంచి రెండో బకెట్టు తెచ్చుకుని రుక్కమ్మ గదిలో రసజ్ఞ పక్కన కూర్చున్నాడు. "గీడ గాలి మంచిగొస్తుంది లే," అన్నాడు పిల్లతో. రెండు రోజులకు బకెట్లు గడప దగ్గరికి వచ్చాయి. వారానికి వరండాలోకి వచ్చాయి. ఆ తర్వాత కావ్య వచ్చి, "రాయే, సారు ఏమనడు. అన్నా నేనున్న గద," అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. కావ్యకు ఎవరూ చెప్పలేదు. కిందటేడు కూర్చోబెట్టినా, ఆ పిల్ల మళ్లీ లేచింది.

ఇప్పుడు రసజ్ఞ ట్రైనీలందరి ముందూ కూర్చుంటుంది. ఆఫీసరు వచ్చినా కూర్చుంది ఒకసారి, కావ్య చెయ్యి పట్టుకుని. కానీ ఈశ్వరమ్మ మేడం గడపలో కాలు పెడితే మాత్రం లేచిపోతుంది. ఏడవదు, భయపడదు. పెద్దవాళ్లు చెప్పిన పని చేస్తున్నట్టు, తన పలక తీసుకుని, బుద్ధిగా వెళ్లిపోతుంది.

అందుకని మేడం పిల్లలు ఉన్నప్పుడు లోపలికి పోవడం మానేసింది. వరండాలో, కిటికీకి ఓరగా, పిల్లకు కనపడని చోట నిలబడి ట్రైనీల పాఠాలు చూసి మార్కులు వేసేది. మూడు గంటలు నిలబడితే ఆ మోకాళ్లు వాచిపోయేవి. రుక్కమ్మ స్టూలు తెచ్చి పెట్టేది. స్టూలు మీద కూర్చుంటే కిటికీ అందదు. మళ్లీ లేచేది.

కానీ పరీక్ష రోజు బయట నిలబడటం కుదరదు. ఎక్స్‌టర్నల్ పక్కన కాలేజీ తరఫు ఇంటర్నల్ కూర్చోవాలి. అది నియమం. ఆమె లోపలికి పోవాల్సిందే. నితీష్ ఈసారి గడియారం పాఠం ఎంచుకున్నాడు. పెద్ద అట్ట గడియారంలో చిన్న ముల్లు తిప్పేది రసజ్ఞ.

పరీక్షకు ముందురోజు సాయంత్రం అందరూ వెళ్లిపోయారు. నేను ట్రైనీలు బడిలో వాడిన లైబ్రరీ పుస్తకాలు తిరిగి తీసుకోవడానికి వెళ్లి, వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాను. రుక్కమ్మ గదికి గడియ పెడుతోంది. మేడం ఆమె దగ్గరికి నడిచి వెళ్లింది.

"రుక్కమ్మా, ఒక సాయం చేయల్ల నువ్వు."

"చెప్పుండ్రి మేడం. గింత మొకం పెట్టి అడుగుతరేంది? చెయ్యనంటనా?"

"రేపు నేను లోపలికి వస్తూనే పిల్ల లేచి నీ గదికి వస్తే రానీ. కూర్చోనీ. అది దాని ఇష్టం. నితీషూ కావ్యా చూసుకుంటారు."

"మంచిది."

"అది కాదు నేను అడిగేది." మేడం గొంతు తగ్గించింది. "రేపు పిల్ల అరుస్తుంది. సారు చిరాకు పడతాడు. ఆ పిల్లవాడు నా మొగం చూస్తాడు. అప్పుడు నేను నీ పక్క చూస్తా. నాకు తెలుసు, చూస్తా. నిన్ను పిలిచి, ఈ ఒక్క గంట అంటా."

రుక్కమ్మ గడియ మీద చెయ్యి తీసి ఆమె వైపు తిరిగింది.

"అప్పుడు నువ్వు నా మాట వినద్దు రుక్కమ్మా. పెద్ద సదువులామె, పిల్ల మంచికే చెప్తాంది అనుకోవద్దు. పిల్లను మళ్లీ తోలుకొచ్చి, నా ముందరే, ఆ సారు ముందరే కూర్చోబెట్టు. నేను గట్టిగా అరిచినా సరే. అంత పని నాకోసం చెయ్యి."